ప్రమాదస్థలిలో వైద్యం: ఈఎంటీలకు, పైలట్లకు నిరంతర శిక్షణ కోరుతూ తీర్మానం

అంబులెన్సుల్లో పనిచేస్తున్న ఈఎంటీలు (అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులు), పైలట్లు (అంబులెన్సు డ్రైవర్లు), వారికి పాఠాలు చెప్పే శిక్షకులు, ప్రభుత్వాసుపత్రుల క్యాజువాల్టీ వైద్యులు, నర్సులు కలిసి జరిపిన ఈ సర్వసభ్య సమావేశం, ఆసుపత్రికి చేరేలోపు అందాల్సిన అత్యవసర వైద్యం గురించి, ఆ వైద్యం చేసేవారి శిక్షణ గురించి కూలంకషంగా చర్చించి ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైంది. అంతకుముందు రోడ్డు మీద దెబ్బతిన్న మనిషిని ఏ ఆటోలోనో జీపులోనో వేసుకుని పరుగెత్తడమే తెలుసు. దారిలో వైద్యం అందుతుందన్న ఊహ కూడా జనంలో లేదు. ఇవాళ చదువురాని ముసలమ్మ సైతం ఆ మూడంకెలు నోటికి చెబుతుంది. మన నేల మీద మొదలైన ఈ పద్ధతిని తర్వాత చాలా రాష్ట్రాలు అందిపుచ్చుకున్నాయి. ఈ సభ దీన్ని గర్వంగా గుర్తుచేసుకుంటోంది. అదే నోటితో ఒక మాట సూటిగా చెప్పదలచుకుంది. బండ్లు కొత్తవి వచ్చాయి, బండిలో పరికరాలు మారాయి, వైద్యశాస్త్రం మారింది. బండిలో కూర్చున్న మనిషి చదువు మాత్రం చాలాచోట్ల ఉద్యోగంలో చేరిన నాటి దగ్గరే ఆగిపోయింది.

ఆ శాస్త్రం ఎంత మారిందో చూద్దాం. గుండె ఆగిన మనిషికి ముందు శ్వాసదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాతే ఛాతీ నొక్కడం అని నేర్చుకున్నవారు ఈ సభలో ఉన్నారు. 2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ వరుసను మార్చి ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చాయి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అన్న కొలత 2015లో స్థిరపడింది. ప్రమాదంలో పడ్డ ప్రతి ఒక్కరినీ స్పైన్ బోర్డుకు బిగించి కట్టాలన్నది ఒకప్పటి పాఠం. అవసరం లేనివారికి దానివల్ల నొప్పి, ఊపిరి ఇబ్బంది, ఒత్తిడి పుండ్లు తప్ప ఒరిగేదేమీ లేదని తేలింది. వెన్ను కదలకుండా కాపాడాల్సింది ఎవరికో పరీక్షించి తేల్చుకోవాలని ఇప్పుడు చెబుతున్నారు. 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రులను పరిశీలించింది. ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మందు గాయమైన 3 గంటల్లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయని, గడువు దాటాక ఇస్తే కీడు జరగవచ్చని ఆ పరిశోధన, దాని తర్వాతి విశ్లేషణ చూపాయి. గాయం ఎన్ని గంటలకు అయిందో అక్కడున్నవారిని అడిగి రాసుకునే అవకాశం స్థలానికి ముందుగా చేరిన ఈఎంటీకే ఉంటుంది. ఆ ఒక్క అంకె పీసీఆర్‌లో (అంబులెన్సులో రాసే రోగి వివరాల పత్రంలో) లేకపోతే ఆసుపత్రిలో ఆ మందు విషయంలో డాక్టరు చేతులు కట్టేసినట్టే.

టోర్నికెట్ సంగతి మరీ ముఖ్యం. ఎప్పుడో దిక్కుతోచని స్థితిలో తప్ప కట్టకూడదని భయపెట్టి నేర్పిన పట్టీ అది. ఇప్పుడు చేతికో కాలికో ప్రాణాంతకంగా రక్తం పోతూ, అదిమిపట్టినా ఆగకపోతే ఆలస్యం చేయకుండా కట్టి, కట్టిన వేళ రాయమంటున్నారు. పాముకాటుకు అదే పట్టీ కడితే అవయవానికే ముప్పు. పొలంలో కాటు పడగానే మనవాళ్లు తాడో తువ్వాలో బిగించి కట్టేస్తారు. ఆ కట్టును ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో, ఎలా విప్పాలో తెలియకుండా విప్పినా ప్రమాదమే. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రణాళిక ఊళ్లో కాలు మోపేది అంబులెన్సు తలుపు తెరుచుకున్నప్పుడే. పురుగుమందు తాగినవారి విషయంలోనూ ఇంతే. ఒంటి మీద బట్టలు మార్చకుండా, చర్మం కడగకుండా, గొంతులో నురగ సక్షన్‌తో తీయకుండా బండి ఎంత వేగంగా నడిపినా ఫలితం ఉండదు.

మన అంబులెన్సులకు వచ్చే పిలుపుల్లో గర్భిణుల కేసులు ఎక్కువ. కాన్పు చేయడంలో మన ఈఎంటీల చేయి తిరిగింది, ఇది కాదనలేని నిజం. తీవ్రమైన గాయాలు, పసిబిడ్డకు ఊపిరి అందించాల్సిన సందర్భాలు ఒక్కొక్కరికి అరుదుగా ఎదురవుతాయి. అరుదుగా చేసే పనిలోనే చేయి మొద్దుబారుతుంది. సీపీఆర్ వంటి నైపుణ్యం శిక్షణ ముగిసిన కొన్ని నెలల్లోనే తగ్గిపోతుందని అధ్యయనాలు పదేపదే చూపాయి. కాబట్టి సర్టిఫికెట్టు పాతదైందంటే మనిషిని తప్పుపట్టడం అన్యాయం. మళ్లీ మళ్లీ సాధన చేయించని ఏర్పాటుదే లోపం.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. గాయమైన తర్వాతి గంటను 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ‘గోల్డెన్ అవర్’గా నిర్వచించింది. చట్టం గుర్తించిన ఆ గంటలో బాధితుడి పక్కన ఉండేది ఈఎంటీ, పైలట్.

ఆ గంట ఎలా గడుస్తుందో ఈ తీర్మానం చదివే అధికారులు ఒక్కసారి ఊహించాలని సభ కోరుతోంది. హైదరాబాద్ – విజయవాడ రహదారి మీద అర్ధరాత్రి. బైకు మీది కుర్రవాడు లారీ కింద పడ్డాడు. తొడ నుంచి రక్తం తన్నుకొస్తోంది, హెల్మెట్ తల మీదే ఉంది, గొంతులో గురక. ముందు రక్తం ఆపాలి. ఊపిరి అందాలంటే హెల్మెట్ తీయాలి. ఒకరు దవడ, మెడ వెనుక భాగం కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు పట్టీ విప్పి, హెల్మెట్ రెండు వైపులా వెడల్పు చేస్తూ మెల్లగా జరపాలి. ఇది ఇద్దరి పని. బండిలో ఉన్న రెండో మనిషి పైలట్. వెనక నుంచి వచ్చే వాహనాలు గుద్దకుండా బండిని ఎక్కడ, ఏ కోణంలో ఆపాలో చూసుకున్నదీ ఆయనే. అలాంటి పైలట్‌కు డ్రైవింగ్ లైసెన్సు చాలు, వైద్య శిక్షణ ఎందుకనే వాదన ఇంకా వినిపిస్తూనే ఉంది. ఈ సభ దాన్ని పూర్తిగా తిరస్కరిస్తోంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి కమ్ముకుని జనం వీధుల్లో కుప్పకూలారు. బాధితుల వరకు వెళ్లవచ్చా, గాలి ఎటు వీస్తోంది, ఎవరిని ముందు ఎక్కించాలి అన్న ప్రశ్నలకు అలాంటి వేళ పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు. పారిశ్రామికవాడలున్న జిల్లాల్లో ఇలాంటి ప్రమాదాలను ఎదుర్కొనే డ్రిల్లు ఏటా జరగాలి.

వైద్యులు ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర విద్యలో పాల్గొనాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెప్పాయి. అమెరికాలో జాతీయ రిజిస్ట్రీలో ఉన్న పారామెడిక్ రెండేళ్లకోసారి 60 గంటల విద్య చూపి ధ్రువీకరణ పునరుద్ధరించుకుంటారు. బ్రిటన్‌లో పారామెడిక్ రిజిస్ట్రేషన్ రెండేళ్లకోసారి పునరుద్ధరణకు వస్తుంది, వృత్తి విద్య కొనసాగించడం అందులో షరతు. మన దేశంలో 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులను వృత్తి నిపుణుల పట్టికలో చేర్చింది. గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకు తగిన చదువు ఏర్పాటు ఇప్పుడు కావాలి.

అందువల్ల, ప్రతి ఈఎంటీకి, ప్రతి పైలట్‌కు ఏడాదికి కనీసం 30 గంటల శిక్షణ ఇవ్వాలని, అది డ్యూటీ వేళల్లోనే, జీతంతో, ప్రత్యామ్నాయ సిబ్బందిని పెట్టి జరగాలని ఈ సభ తీర్మానిస్తోంది. 12 గంటల రాత్రి డ్యూటీ దిగివచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపి, హాజరు సంతకం తీసుకోవడాన్ని శిక్షణగా లెక్కించరాదు. గంటల్లో సగానికి తగ్గకుండా చేతితో చేసే సాధన ఉండాలి. బొమ్మ మీద సీపీఆర్, అంబు బ్యాగ్ పట్టు, హెల్మెట్ తీయడం, రక్తస్రావం ఆపడం, ఇరుకు మేడమెట్ల మీంచి స్ట్రెచర్ దించడం అందులో భాగం. ఈఎంటీ, పైలట్ జంటగా సాధన చేయాలి.

ఈ సభ అన్నిటికంటే ఎక్కువ పట్టుబడుతున్న కోరిక మరొకటి ఉంది. క్యాజువాల్టీలో రోగిని అప్పగించి సంతకం తీసుకున్నాక ఆ మనిషి ఏమయ్యాడో ఈఎంటీకి తెలియదు. బతికాడా, కడుపులో రక్తస్రావం ఉందని మనం అనుమానించింది నిజమేనా, మనం మామూలు దెబ్బ అనుకున్నది పుర్రె లోపలి గాయమా? జవాబు రాదు. ఏళ్ల తరబడి పనిచేసినా తన అంచనా ఎక్కడ సరైందో, ఎక్కడ తప్పిందో తెలియని మనిషి అనుభవం అనుభవంగా మారదు. ప్రతి జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి నెలకోసారి తమకు అంబులెన్సులు తెచ్చిన తీవ్ర కేసుల ఫలితాలను, రోగి పేరు బయటపెట్టకుండా, సంబంధిత ఈఎంటీలకు తెలియజేయాలని, క్యాజువాల్టీ డాక్టరు, ఫోన్‌లో సలహా ఇచ్చే ఈఆర్‌సీపీ డాక్టరు, ఈఎంటీ కలిసి కేసులు సమీక్షించాలని ఈ సభ కోరుతోంది. సమీక్షలో బయటపడ్డ లోపం పాఠంగానే ఉండాలి. దాన్ని మెమోకు, జీతం కోతకు, బదిలీకి వాడితే రేపటి నుంచి ఎవరూ నిజం రాయరు.

అప్పగింత కూడా ఒక నైపుణ్యమే. దెబ్బ ఎలా తగిలింది, ఏయే గాయాలు కనిపించాయి, నాడి, బీపీ, స్పృహ ఎలా ఉన్నాయి, దారిలో ఏం చేశాం అన్నవి అర నిమిషంలో చెప్పగలగాలి. ఆ అర నిమిషం వినే ఓపిక క్యాజువాల్టీకీ ఉండాలి. సమావేశంలో పాల్గొన్న వైద్యులు, నర్సులు తమ వంతుగా దీనికి అంగీకరించారు. ఏటా ప్రతి ఈఎంటీకి కొన్ని రోజులు క్యాజువాల్టీలో, ఐసీయూలో, లేబర్ రూమ్‌లో పోస్టింగు ఇవ్వాలని కూడా వారే ప్రతిపాదించారు.

పాఠ్యాంశాలు, ప్రొటోకాల్ కార్డులు తెలుగులో ఉండాలి. ఏజెన్సీ మండలాల్లో పనిచేసేవారికి అక్కడి గిరిజన భాషల్లో నొప్పి, ఊపిరి, రక్తం, భయం అడిగి తెలుసుకునే మాటలైనా నేర్పాలి. డోలీలో కొండ దిగివచ్చిన గర్భిణిని ప్రశ్నించడానికి దుబాసీ కోసం వెతికే వేళ కాదది.

సభ్యులు తమ మీద కూడా ఒక బాధ్యత వేసుకున్నారు. షిఫ్టు మారేటప్పుడు రెండు జట్లూ బేస్ లొకేషన్‌లో కలిసే పావుగంటలో వారానికి ఒక నైపుణ్యం సాధన చేసి రిజిస్టరులో నమోదు చేస్తారు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కనుక వచ్చే సోమవారం నుంచే మొదలవుతుంది.

ఈ తీర్మానం ప్రతులను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖలకు, రెండు రాష్ట్రాల్లో అనుబంధ ఆరోగ్య వృత్తుల బాధ్యత చూసే మండళ్లకు, అంబులెన్సుల నిర్వహణ సంస్థలకు, జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు పంపాలని సభ నిర్ణయించింది. నిర్వహణ సంస్థలతో కుదుర్చుకునే ఒప్పందాల్లో బండి ఎన్ని నిమిషాల్లో చేరిందన్న లెక్కతో పాటు సిబ్బంది ఎన్ని గంటలు శిక్షణ పొందారన్న లెక్కనూ షరతుగా చేర్చాలని, ఆ ఖర్చును రాబోయే బడ్జెట్‌లో విడిగా చూపాలని రెండు ప్రభుత్వాలకు ఈ సభ విజ్ఞప్తి చేస్తోంది.