చట్టం ఢిల్లీది, ఖర్చు ఎవరిది?

కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఈ రెంటికీ మధ్యే, 1989లో, పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. ఆ చట్టం కింద ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే కూర్చోవాలని చుండూరు బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు. తీర్పు వచ్చేసరికి 2007 జులై 31 అయింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యాలు నిలవలేదంటూ అందరినీ విడిచిపెట్టింది. ఆ తీర్పు తప్పొప్పుల మాట ఎలా ఉన్నా, కోర్టును ఊరికి రప్పించగలిగిన వాళ్లు తొలి రోజుల దర్యాప్తును మళ్లీ మొదలుపెట్టించలేరు కదా.

ఆ దర్యాప్తుకూ, ఈ కోర్టులకూ అయ్యే ఖర్చు కేంద్రం భరించాలంటే, పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోది, కేంద్రం డబ్బెందుకివ్వాలి అంటారు. నిజమే, కానీ ఈ బరువు పెట్టింది కేంద్రమే. ఈ చట్టానికి చేసిన, 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ, చార్జిషీటు పడ్డ రెండు నెలల్లో విచారణ ముగిసేలా చాలినన్ని కోర్టులు పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది. ఖర్చులో సగం కేంద్రానిదే అంటారు గానీ, రాష్ట్రం ముందునుంచీ భరిస్తున్న మొత్తాన్ని మినహాయించాకే ఆ సగం లెక్క. పన్నుల్లో వాటా 32 నుంచి 42 శాతానికి పెంచాం, అందులోంచి పెట్టుకోండి అన్నది 14వ ఆర్థిక సంఘం కాలం నాటి వాదన. షరతు లేని డబ్బు ఓట్లు రాల్చే పద్దులకే ముందు పోతుంది. కోర్టు గుమాస్తా జీతం ఏ మేనిఫెస్టోలోనూ ఉండదు. పోనీ పథకాల రూపంలో ఇస్తే? 11వ ఆర్థిక సంఘం ఊతంతో పుట్టిన ఫాస్ట్‌ట్రాక్ కోర్టులకు 2011 మార్చి 31తో కేంద్రం నిధులు ఆపేసింది. వాటిని నడపాలో మూసెయ్యాలో రాష్ట్రాలే చూసుకోవలసి వచ్చింది.

డబ్బుతోపాటు ఢిల్లీ పెత్తనం వస్తుందన్న భయం కొట్టిపారేయదగింది కాదు. అందుకే ఆ సొమ్ము పథకంగా కాక, చట్టంలోనే రాసిన బాధ్యతగా రావాలి. ఏ కేసు ఎలా నడపాలన్నది రాష్ట్రం చేతిలోనే ఉండాలి. ఆ సొమ్ము ముందు ఖర్చు పెట్టవలసింది సాక్షి మీద. ఈ చట్టం కింద చేసిన 1995 నిబంధనలు సాక్షికి ప్రయాణ ఖర్చుతో పాటు కనీస వేతనానికి తగ్గని భత్యం ఇవ్వమన్నాయి. మిరపకోతల రోజుల్లో కోర్టుకెళ్లిన కూలీకి ఆ పూట కూలి పోతుంది. వాయిదా పడితే ఇంకో రోజుదీ పోతుంది. ఆ భత్యం ఆ సాయంత్రానికే, కోర్టు మెట్లు దిగకముందే అతని చేతిలో పడాలి.