తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట

తెలుగునాట మనిషి తల మీద చెయ్యి పెట్టుకున్నాడంటే రెండే అర్థాలు. ఏదో పెద్ద కష్టం వచ్చిపడిందని... లేదంటే ఒట్టు వేస్తున్నాడని! ఒకప్పుడు డోర్నకల్ ప్రాంతంలో దీనికి మూడో అర్థం కూడా ఉండేది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ తల మీద చెయ్యి పెట్టుకుని ఓ మాట పలకాలి. తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్నని, ఈ సువార్త పక్కవాడికి చెప్పకుండా ఊరుకుంటే తనకు చేటేనని.

అలా పలికించింది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. భావం ఆయన సొంతం కాదు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి లేఖలోనిది. పౌలు తన గురించి చెప్పుకున్న సంగతిని తీసుకొచ్చి, పొద్దున్నే పొలం పనికి పోయే కూలీ నోట పలికించడమే ఆయన చేసిన పని.

అదేమంత చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో మతబోధ అంటే దొరల వ్యవహారం. కాదంటే దొరలు జీతమిచ్చి పెట్టుకున్న ఉపదేశిది. మిగతావాళ్ల వంతు ఆదివారం పూట వచ్చి చాప మీద కూర్చోవడమే. పైగా డోర్నకల్ సంఘంలో ఎక్కువమంది ఊరి చివర ఉండే మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. చదువు లేదు, సెంటు భూమి లేదు, ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. అలాంటివాళ్లు ఇంకొకరికి దేవుడి గురించి చెప్పడమేంటి? చెప్పినా ఎవరు వింటారు?

అజరయ్య తెలుగువాడు కాదు. తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో 1874లో పుట్టిన తమిళుడు. వైఎంసీఏలో కార్యదర్శిగా ఊరూరా తిరిగేవాడు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమవాళ్లనే బోధకులుగా పంపడం చూశాడు. మరి మనమో, అనిపించింది. మరుసటి ఏడాదే తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బూ మనుషులూ ఇక్కడివే! ఆ సంఘం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇంకొకరిని పంపి ఊరుకోలేదు, 1909లో తనే వచ్చేశాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అయినా ప్రయాణం మాత్రం ఎడ్లబండి మీదా సైకిలు మీదా.

చదువు రాని మనిషి ఏం చెప్పగలడన్న ప్రశ్నకు ఆయన దగ్గరో జవాబుంది. ఇంట్లోంచి నాలుగు దయ్యాల్ని తరిమెయ్యమనేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు! పల్లెల్లో నోటి మాట కన్నా ముందు గుమ్మం చూస్తారు. నిన్నటిదాకా కూలి డబ్బులు కల్లుపాకలో పోసినవాడు ఇవాళ తిన్నగా ఇంటికి పోతుంటే, ఏమైందిరా నీకు అని ఆసామి అడగకుండా ఉంటాడా? ఆ అడిగినప్పుడు చెప్పే నాలుగు ముక్కలే వీళ్ల ప్రసంగం. ఏటా ఓ వారాన్ని సాక్ష్యం కోసమే కేటాయించి, మామూలు జనం గుంపులుగా పాటలు పాడుకుంటూ చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లేవారు. గూడేల్లో వచ్చిన మార్పు చూసి పై కులాల కుటుంబాలు కొన్ని అదే దారిపట్టాయని చరిత్రకారులు రాశారు.

ఇదంతా అందరికీ నచ్చలేదు. అభ్యంతరం చెప్పినవాళ్లలో అందరికన్నా పెద్దమనిషి గాంధీజీ. గులాబీ తన వాసన గురించి ఉపన్యాసం ఇవ్వదు కదా, మంచి జీవితమే చాలదా అన్నది ఆయన వాదన. సేవ పేరుతో మతం మార్చడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ తీసిపారెయ్యలేని మాటే ఇది. కానీ హరిజనులకు మతాల మంచిచెడ్డలు బేరీజు వేసే శక్తి ఎక్కడిదన్న అర్థంలో 1936లో అమెరికన్ క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో ఆయన అన్న మాట మాత్రం చాలామందికి గుచ్చుకుంది. డోర్నకల్‌లో తల మీద చెయ్యి పెట్టుకున్నది సరిగ్గా వాళ్లే మరి!

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే అజరయ్య వద్దన్నాడు. తలలు లెక్కపెట్టి సీట్లు పంచుకోవడం మొదలైతే సంఘం ఓ రాజకీయ వర్గంగా మిగిలిపోతుందని ఆయన భయం. అప్పుడు పక్కవాడికి దేవుడి గురించి చెబితే, ఓటు కోసం చెబుతున్నాడనుకోరూ?

స్వతంత్రం వచ్చాక ఈ తగువు రాజ్యాంగ సభకూ చేరింది. 1948 డిసెంబరు 6న, మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఉండాలా వద్దా అని వాడివేడిగా చర్చ జరిగింది. చివరికి ఆ పదం ఇరవై అయిదో అధికరణంలో నిలిచింది. శాంతిభద్రతలు, నీతి, ప్రజారోగ్యం అన్న హద్దులతోనే అనుకోండి. 1977లో సుప్రీంకోర్టు ఇంకాస్త వివరంగా చెప్పింది. తన మతంలో ఏముందో విడమరచి చెప్పడం హక్కే, ఎదుటివాణ్ని మార్చేయడం మాత్రం హక్కు కాదంది. అజరయ్య పలికించిన మాటలోనూ భారమంతా చెప్పేవాడి మీదే. వినేవాడు ఒప్పుకుని తీరాలని అందులో ఎక్కడా లేదు.

ఆ భారాన్ని ఈ రోజుల్లో చాలామంది తేలిగ్గా దించేసుకున్నారు. కానుక పెట్టెలో నోటు వేస్తే పాస్టరు చూసుకుంటాడు. వీధి చివర మైకు, టీవీలో గంటసేపు ప్రసంగం... ఎవరో చెబుతూనే ఉంటారు. పక్కింటివాళ్లకు వినపడేది మైకే తప్ప మనిషి కాదు. పదేళ్లుగా గోడ ఒకటే అయినా, ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో తెలియనివాళ్లు సువార్త సభకు కరపత్రం మాత్రం గేటుకు గుచ్చి వెళుతుంటారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ముప్ఫై అయిదేళ్ల అజరయ్య అక్కడ లేచి దొరల్ని మొహమ్మీదే అడిగేశాడు. ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, సంతోషం... మాకు కావాల్సింది స్నేహం, అది ఎప్పుడిస్తారని! దొర భారతీయుడికి చెయ్యందిస్తాడు కానీ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడన్నది ఆయన ఫిర్యాదు. సభలో కొందరు నొచ్చుకున్నారు.

డోర్నకల్ జంక్షన్‌లో దిగినవాళ్లకు ఆయన కట్టించిన కెథడ్రల్ ఇప్పటికీ కనిపిస్తుంది. పైన మసీదును తలపించే గుమ్మటాలు, లోపల గుడి మండపంలో ఉన్నట్టు స్తంభాలు. ఇది మనది కాదు అని ఊరివాళ్లు గుమ్మం బయటే ఆగిపోకూడదని! 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చినందుకు చేసుకునే పండగ రోజది. వచ్చినవాళ్లు యూదులు కారు, పరాయివాళ్లు. కెథడ్రల్‌కు ఆ పండగ పేరే పెట్టారు.