మా పెద్దమ్మ నెత్తిన చల్లిన నీళ్ళు లెక్కలోకి రావా?

పోయిన భాగంలో మా పల్లెలోని మూడు చర్చీల గురించి రాస్తే కొందరు పాస్టర్లు ఫోన్ చేశారు. "బ్రదర్, వాక్యం తెలియకుండా రాస్తున్నారు" అన్నారు. సరే, ఇవాళ వాక్యం దగ్గరే కూర్చుందాం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా పెద్దమ్మ సంగతి. మాది పల్నాడు. మా మాదిగపల్లెలో లూథరన్ గుడి మా తాత పుట్టకముందు నుంచీ ఉంది. పెద్దమ్మకు చంటిపిల్లగా ఉన్నప్పుడు అక్కడే అయ్యగారు నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చాడు. డెబ్భై ఏళ్ళు ఆ గుడి ఊడ్చింది, చాపలు పరిచింది, మిరప కోతల కూలి డబ్బుల్లోంచి కానుక వేసింది. చివరి రోజుల్లో అంతదూరం నడవలేక, ఇంటి పక్కన రేకుల షెడ్డులో పెట్టిన కొత్త సంఘానికి పోయేది. అక్కడ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేరోజు పళ్ళెం ఆమె ముందు ఆగకుండా పక్కకు పోయింది. "అమ్మా, మీది చిలకరింపు. అది బాప్తిస్మం కాదు. ముంచుడు తీసుకున్నాక చెయ్యి చాపండి" అన్నాడంట పాస్టర్. ఊళ్ళో టీ హోటల్లో మాకు వేరే గ్లాసు పెట్టిన రోజులు చూసిన మనిషి ఆమె. ఇంటికొచ్చి నాతో ఒక్కటే అంది: "అబ్బాయ్, ఈడ కూడా మనకు గ్లాసు లేదంట్రా."

ఆర్నెల్లకు పోయింది. సమాధి దగ్గర ప్రార్థన చెయ్యడానికి ఆ పాస్టర్ రాలేదు.

ఇప్పుడు వాక్యం. ముంచుడు వాళ్ళు మార్కు 16:16 చూపిస్తారు. నమ్మకం ముందు, నీళ్ళు తర్వాత. చంటిపిల్లకు నమ్మకం ఎక్కడిది అంటారు. చిలకరింపు వాళ్ళు అపొస్తలుల కార్యములు 16 తీస్తారు. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు నమ్మితే ఇంటిల్లిపాదికీ బాప్తిస్మం ఇచ్చారు కదా, ఆ ఇంట్లో పిల్లలు లేరా అని అడుగుతారు. నీళ్ళు లేకుండా రక్షణే లేదని ఒకరు, సిలువ మీద దొంగ ఏ నీళ్ళలో మునిగాడని ఇంకొకరు. మత్తయి 28 ప్రకారం తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో అని కొందరు, కార్యములు 2 ప్రకారం యేసు నామంలో మాత్రమే అని మరికొందరు. మా మేనత్త కొడుక్కి ఈ పంచాయితీలో మూడు బాప్తిస్మాలు అయ్యాయి. పుట్టినప్పుడు చల్లారు, పెళ్ళికి ముందు కాలవలో ముంచారు, పెళ్ళయ్యాక నామం సరిపోలేదని మళ్ళీ ముంచారు. ఇప్పుడు వాడు ఏ చర్చికీ పోడు.

నేను ముంచుడును ఎగతాళి చెయ్యడం లేదు. ఆ గ్రీకు మాటకు ముంచడం అనే అర్థం. పసితనపు బాప్తిస్మం చెల్లదన్నందుకు ప్రాణాలిచ్చిన వాళ్ళున్నారు. 1527 జనవరి 5న జూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపేశారు. చంపించింది రాజుగారి బంట్లు కాదు, సంస్కరణ చర్చిని నిలబెట్టిన నగర సభే. అతని దారిలోంచి వచ్చిన మెనోనైట్లే తర్వాత మన పాలమూరు మాల మాదిగ పల్లెలకు వచ్చారు. కాబట్టి ఆ వాదనకు గౌరవముంది. కానీ నదిలో చచ్చినవాడి వాదన పట్టుకుని డెబ్భై ఏళ్ళ కూలి ముసలమ్మ చేతికి రొట్టె అందకుండా చేసే హక్కు ఎవరిచ్చారు?

ఇందులో ఇంకో వింత ఉంది. పాస్టర్ గారి లెక్కలో చంటిపిల్ల బాప్తిస్మం చెల్లదు. సర్కారు లెక్కలో మాత్రం బ్రహ్మాండంగా చెల్లుతుంది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి అమ్మాయి ఒకామెకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదని తీర్పు చెప్పింది. ఆధారాల్లో ఒకటి, ఆమె నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం నమోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మన దగ్గరికి వచ్చేసరికి తలుపు వేసే ఉంది. అంటే ఒకే గిన్నెడు నీళ్ళు. దేవుడి దగ్గరికి పోవడానికి చాలవంట, కులం సర్టిఫికెట్ తుడిచేయడానికి మాత్రం చాలతాయంట! ఇంతకన్నా పెద్ద సిద్ధాంత సమస్య ఏముంది? దీని మీద ఒక్క ఉజ్జీవ సభలో ఒక్క ప్రసంగం విన్నానా? లేదు.

ముంచుడు వాళ్ళ చరిత్రే చెప్తాను. 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. బియ్యం కోసం మతం మారారని ఇప్పటికీ అంటారు. 1876-78 ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు కూలి ఇప్పించింది నిజం. ఆ కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేసిందీ నిజమే. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు. అంతకుముందు, మాదిగల్ని చేర్చుకోకపోతే మేం వస్తామన్నట్టు పైకులాలవాళ్ళు మాట్లాడారు. దొర మాదిగల్నే చేర్చుకున్నాడు, వాళ్ళు వెళ్ళిపోయారు. చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి భక్తిలా ఉంటాయి గానీ, ఊరికి అవి సమ్మె నోటీసులు. ఆదివారం వెట్టికి రారు, జాతరలో డప్పు కొట్టరు, చచ్చిన గొడ్డుతో కట్టేసిన బతుకులోంచి బయటికొస్తారు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు ఊరూరా తిరిగి చెప్పింది ఇదే. ఆ నీళ్ళు ఊరికి భయం పుట్టించాయి. మరి ఇప్పటి నీళ్ళు ఎవరికి భయం పుట్టిస్తున్నాయి? మా పెద్దమ్మకు!

మారుమనస్సు అంటారు కదా. లూకా 3లో జనం యోహానును మేమేం చెయ్యాలని అడిగితే ఏం చెప్పాడో తీసి చూడండి. రెండు అంగీలున్నవాడు ఒకటి ఇవ్వాలి, పన్ను వసూలు చేసేవాడు ఎక్కువ లాగకూడదు, సిపాయి జనాన్ని బెదిరించి గుంజకూడదు. అడిగినవాళ్ళకు చెప్పిందంతా డబ్బూ బట్టా సంగతే. లూకా 19లో జక్కయ్య సగం ఆస్తి బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాక ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. అక్కడ నీళ్ళ ప్రస్తావనే లేదు. లేని నీళ్ళ గురించి ఇన్ని సంఘాలు చీలాయి గానీ, ఉన్న నాలుగింతల గురించి ఒక్కటి కూడా చీలలేదు.

మూడేళ్ళ కింద మా ఊరి ఆసామి ఒకాయన ప్రభువును నమ్ముకున్నాడు. ఆయన్ని మా వాళ్ళతోపాటు కాలవలో ముంచలేదు. ఆయన తోటలోనే, ఆయన తొట్టిలోనే ముంచారు. ఆదివారం సాక్ష్యం చెప్పాడు, తాగుడు మానేశానన్నాడు, అందరూ స్తోత్రం అన్నారు. మా తాతకు సర్కారిచ్చిన ఎకరంన్నర అసైన్డ్ భూమి ఆయన నాన్న కాలం నుంచీ వాళ్ళ సాగులోనే ఉంది. అలాంటి భూమి చేతులు మారడానికి వీల్లేదని 1977లోనే చట్టం వచ్చింది. బాప్తిస్మానికి ముందు పాస్టర్ ఆయన్ని ఏడు వారాలు సిద్ధపరిచాడు. తాగుడు అడిగాడు, పొగ అడిగాడు, ఇంట్లో పటాలు తీయించాడు. భూమి అడగలేదు. నేను పోయి అడిగితే "అది లోకసంబంధమైన విషయం బ్రదర్" అన్నాడు. మా పెద్దమ్మ నెత్తిమీద ఎన్ని చుక్కలు పడ్డాయన్నది మాత్రం పరలోక సంబంధం.

పోయిన నెల పట్టా జిరాక్సు ఆ పాస్టర్ గారి చేతికే ఇచ్చి వచ్చాను. లూకా 19 మీద మీరు ఏ ఆదివారం ప్రసంగిస్తారో చెప్పండి, మేమంతా వస్తాం, ఆసామిని కూడా ముందు కుర్చీలో కూర్చోబెట్టండి అన్నాను. ఇంకా కబురు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.

వచ్చే భాగం సమాధుల తోటల్లో లేచిన కులం గోడల మీద.

జై భీమ్.