తేలిక కవచానికి ఇన్ని షరతులా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1978 నాటి నియమాలు మానవ స్త్రీ యోధుల బలాన్ని 18/50 దగ్గర ఆపేశాయి. పురుషులకు 18/00 దాకా దారి వదిలాయి. 1989లో ఆ గీత చెరిపారు. కండే కొలమానమన్న చూపు పోయిందా? 2000 నాటి నియమాల్లో తేలిక కవచపు యోధురాలు సన్నకత్తిని చురుకుదనంతో గురిపెట్టాలంటే ఒక ఫీట్ ఖర్చు చేయాలి. తగిలాక దెబ్బ లెక్క మళ్లీ కండబలంతోనే! ఇదేం సమతౌల్యం?

2014లో రెండూ చురుకుదనానికిచ్చారు. "ఇక బరువు కవచమెవరు తొడుగుతారు?" అని మిత్రులు నాతో వాదిస్తున్నారు. డాలు లేకుండా నిండు లోహకవచం రక్షణ 18. మేకుల తోలు కవచానికి, చురుకుదనం 20 ఉన్నా, 17. ఆ ఒక్క అంకె తేడా చాలదన్నది నిజమే. ముందుగా కదలడం, విల్లు, మంటల్నుంచి తప్పుకోవడం కూడా చురుకుదనం వాటాయే. ఆ వాటా తగ్గించండి, ఒప్పుకుంటాను. కత్తిదెబ్బను మాత్రం మళ్లీ కండకు తాకట్టు పెట్టనివ్వను.