దేవిడీలకు సున్నం సరే.. తాళంచెవి ఎవరి చేతికి?

పాతబస్తీలో హెరిటేజ్ భవనం పేరెత్తితే ఎక్కువగా రెండే మాటలు వినిపిస్తాయి. పాడుబడింది కాబట్టి కూల్చేయాలనేది ఒకటి, బాగుచేసి హోటలో మ్యూజియమో పెట్టాలనేది ఇంకొకటి. అందులో మామూలు కుటుంబాలు తక్కువ కిరాయికి ఉండొచ్చు, ముందున్న హాల్లో బస్తీ పిల్లలు చదువుకోవచ్చు అనే మూడో మాట వచ్చేసరికి అధికారులు నవ్వి ఊరుకుంటారు. నవ్వాల్సినంత వింత మాటైతే కాదు.

చార్మినార్ పక్కనున్న సర్దార్ మహల్‌నే చూద్దాం. 1900లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా తన బేగం కోసం కట్టించారు. ఆమె అక్కడ ఉండలేదు. పన్ను బకాయిల కింద 1965లో భవనం మున్సిపాలిటీ చేతికి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు మున్సిపల్ ఆఫీసుగానే నడిచింది. పాతబస్తీ జనానికి మహల్‌తో ఉన్న సంబంధం కరెక్షన్ల కోసం, దరఖాస్తుల కోసం క్యూలో నిలబడటమే. 2022లో మరమ్మతులకు శంకుస్థాపన జరిగింది. ప్లానులో ఆర్ట్ గ్యాలరీ, కేఫ్, టూరిస్టులకు బస గదులు ఉన్నాయి. భవనం నిలబడుతుంది, సంతోషమే. కానీ ఆ ప్లానులో పక్క గల్లీలో ఉండేవాడికి ఏముందని అడిగితే జవాబు వెతుక్కోవాలి.

ఆ పక్క గల్లీలోనే లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసే కారిగర్లు ఉంటారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్ వచ్చింది. ట్యాగ్ వచ్చినంత మాత్రాన కిరాయి తగ్గలేదు. ఒక్క గదిలోనే పొయ్యి, అందులోనే గాజుల పని, అందులోనే నిద్ర. ఇలాంటి కుటుంబాల కోసం ప్రభుత్వం కట్టిన పెద్ద ఇళ్ల సముదాయం కొల్లూరులో ఉంది. 2023లో ప్రారంభమైంది, 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఇల్లు మంచిదే, పైగా ఉచితం. కానీ చార్మినార్ నుంచి 30 కిలోమీటర్లకు పైగా దూరం. గాజు చేసేచోటికీ అమ్మేచోటికీ మధ్య అంత దూరం పెడితే రోజు కూలీలో ఎంత బస్సుకీ ఆటోకీ పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఊరి చివర కొత్త ఇళ్లు, ఊరి నడుమ తాళాలు పడ్డ పాత భవనాలు. రెండూ ప్రజల సొమ్మే.

నిజాం కాలంలోనే దొరికే జవాబు

చౌక ఇల్లు అనేది ఈ ఊరికి కొత్త ఆలోచన కాదు. 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసిన చోట ఆ బోర్డు కిరాయి ఇళ్లు కట్టింది. మొఘల్‌పురా, సుల్తాన్‌షాహీ, ఆజంపురా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ వాటిని "బోర్డు మకాన్లు" అంటారు. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న సరాయి 1919 నాటిది. రైలు దిగిన ప్రయాణికుడు తక్కువ ఖర్చుతో తలదాచుకోవడానికే దాన్ని కట్టారు. అంటే అది పుట్టుకతోనే సామాన్యుడి బస. ఇప్పుడు పైకప్పులు కూలి పడి ఉంది.

దేవిడీల కట్టడం కూడా ఈ పనికి అనువైనదే. ముందు దీవాన్‌ఖానా, ఆ వెనక మర్దానా, లోపల సహన్ చుట్టూ జనానా, అంచున నౌకర్ల గదులు, గుర్రపుశాలలు. దీవాన్‌ఖానా పెద్ద హాలు కాబట్టి లైబ్రరీకో, కుట్టు శిక్షణకో, నికాహ్‌కో సరిపోతుంది. దాన్ని గదులుగా నరికితే అందం పోతుంది. ఇళ్లకు పనికొచ్చేవి జనానా వైపు గదులు, నౌకర్ల వరుసలు. చిక్కల్లా నీళ్లతోనే. డంగుసున్నం గోడ ఊపిరి పీలుస్తుంది, దానికి సిమెంట్ పూస్తే లోపలి తేమ బయటికి రాక గోడే కుళ్లిపోతుంది. ఇరవై బాత్రూముల పైపులు పాత గోడల్లోంచి తీస్తే పదేళ్లలో భవనం పాడవుతుంది. బాత్రూములన్నీ వెనక కొత్తగా కట్టే బ్లాకులో పెట్టి, టేకు దూలాల గదుల్ని పొడిగా ఉంచాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఉదాహరణకు ఒక దేవిడీలో 20 ఇళ్లు వచ్చాయనుకుందాం. నెలకు 4,000 కిరాయి. నెలకు 80 వేలు, ఏడాదికి 9.6 లక్షలు. మరమ్మతుకు 5 కోట్లు అయిందనుకుంటే, అది 8 శాతం అప్పుగా తెచ్చినా ఏడాది వడ్డీ 40 లక్షలు. కిరాయిల్తో వడ్డీ ఒక్కటే కట్టాలన్నా ఇంటికి నెలకు 16 వేలు దాటుతుంది. దాన్ని చౌక ఇల్లు అనలేం. అందుకే ప్రైవేటువాళ్లు హోటల్ అంటారు. వాళ్ల లెక్క తప్పు కాదు, కాకపోతే అది వాళ్ల లెక్క.

అదే 5 కోట్లు గ్రాంటుగా వస్తే కథ మారుతుంది. 9.6 లక్షల్లో వాచ్‌మన్, మోటారు, కరెంటు, ఏటా సున్నం పని నెట్టుకురావచ్చు. హాలు తోడైతే ఇంకా నయం. నెలకు ఎనిమిది ఫంక్షన్లకు పది వేల చొప్పున ఇచ్చినా మరో 80 వేలు. ఇరవై కుటుంబాల నెల కిరాయి, ఎనిమిది రోజుల హాలు కిరాయి సమానం అన్నమాట. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఉర్దూ ఘర్ కమ్ షాదీఖానా పేరుతో కట్టిన చోట్ల ఉర్దూ ఎంత మిగిలింది, షాదీ ఎంత మిగిలిందో అందరికీ తెలుసు. కమిటీకి హాలు డబ్బు రుచి తగిలితే లైబ్రరీ కుర్చీలు స్టోర్‌రూముకు పోతాయి, ఆ తర్వాత కిరాయిదారులు అడ్డంగా కనిపిస్తారు. ఏ రోజులు బస్తీకి, ఏ రోజులు బుకింగ్‌కు అనేది మొదటి కాగితంలోనే రాసుకోవాలి.

గ్రాంటు ఎక్కడినుంచి అనేది సహజమైన ప్రశ్నే. 2024లో మొదలైన పీఎంఏవై అర్బన్ 2.0లో అద్దె ఇళ్లకు విడిగా ఒక విభాగం ఉంది. పాత భవనాన్ని అందులోకి తేవడానికి రాష్ట్రమే చొరవ తీసుకోవాలి. 2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168, హెరిటేజ్ భవనాన్ని కాపాడుతూ వాడుకునే యజమానికి టీడీఆర్ ఇచ్చే వీలు పెట్టింది. నగరంలో టీడీఆర్ అంటే రోడ్ల వెడల్పే గుర్తొస్తుంది, దేవిడీ గుర్తుకురాదు. ప్రైవేటు దేవిడీల్లో ఇంకో తంటా వారసులు. మూడు తరాల వాటాలు పంచితే ఒక్కొక్కరికి గోడ ముక్క వస్తుంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట మెట్రో కోసం గజానికి 81 వేలు పరిహారం ప్రకటించాక జాగా విలువ అందరికీ అర్థమైంది. అమ్మేసి పంచుకోవడమే తేలిక. వక్ఫ్ భవనమైతే దారి వేరు. వాకిఫ్ మన్షా దాటడానికి లేదు, లీజుకు 2014 నాటి కేంద్ర రూల్స్ ఉన్నాయి.

బొలోనా ఏం చేసింది

ఇటలీలోని బొలోనా నగరం 1973లో పెట్టిన ప్లాను ఈ చర్చకు బాగా పనికొస్తుంది. పబ్లిక్ హౌసింగ్ కోసం కేటాయించే డబ్బును ఊరి బయట కొత్త అపార్టుమెంట్లకు కాకుండా పాత ఊళ్లోని ఇళ్ల మరమ్మతుకు వాడారు. ఆర్కిటెక్ట్ పియెర్ లుయిజీ చెర్వెల్లాతి దీనికి ముందున్నారు. పని జరిగేటప్పుడు కుటుంబాలు ఉండటానికి తాత్కాలిక ఇళ్లు ఇచ్చారు, పూర్తయ్యాక వెనక్కి తెచ్చారు. యజమాని సబ్సిడీ తీసుకుంటే కొన్నేళ్ల పాటు కిరాయి నియంత్రణకు ఒప్పుకోవాలి. ఖాళీగా ఉన్న మఠాలు, పెద్ద మహళ్లు బస్తీ కేంద్రాలయ్యాయి, యూనివర్సిటీకి గదులయ్యాయి.

అంతా సజావుగా సాగలేదు. భూసేకరణ అనగానే యజమానులు తిరగబడ్డారు, ప్రభుత్వం ఒప్పందాలకు దిగింది. అనుకున్నన్ని ఇళ్లు కాలేదు. ఇవాళ అక్కడా స్టూడెంట్లు, టూరిస్టుల గిరాకీతో కిరాయిలు మండుతున్నాయి. అయినా ఒక్క విషయంలో వాళ్లు మనకన్నా ముందున్నారు: భవనంతోపాటు అందులో ఉండే కిరాయిదారుని కూడా కాపాడాల్సిన వాళ్ల లిస్టులో రాసుకున్నారు.

మన దగ్గర కాపాడటం అంటే ఇప్పటికీ గోడే. 2015లో పాత రెగ్యులేషన్ 13 తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. అది పెద్ద గెలుపు. కూల్చకుండా ఆపడం వరకే కోర్టు పని. ఆ తర్వాత దాన్ని ఎలా వాడాలో పాలకులు చెప్పాలి, టెండరు కాగితంలో. పని మొదలయ్యే ముందు లోపల, చుట్టూ ఉన్న కిరాయిదారుల పేర్లు రాసుకోవడం, పనయ్యాక అదే కిరాయికి తిరిగొచ్చే హక్కు, హాలు కమిటీలో వాళ్లకు ఓటు. ఈ మూడు లైన్లు లేని టెండరు ఎంత అందమైన బొమ్మతో వచ్చినా అది ఖాళీ చేయించే నోటీసే.

పరీక్ష దూరంలో లేదు. ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం, విన్సెంట్ ఎష్ గీసిన ప్లానుతో 1925లో పూర్తయినది, 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చాక మూతపడింది. 2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే జిల్లాల నుంచి వచ్చే రోగుల వెంట వేల మంది అటెండెంట్లు అక్కడికే వస్తారు. ఇప్పుడు ఉస్మానియా గేటు దగ్గర దుప్పటి పరుచుకుని పడుకునేవాళ్లు వాళ్లే. నాంపల్లి సరాయి గోషామహల్‌కు దగ్గర్లోనే ఉంది.