మట్టి కింద రాజుగారి ఇల్లు

ఓరుగల్లు కోట చుట్టూ ఉన్న అగడ్తను మీలో కొందరు చూసే ఉంటారు. కోటకు అగడ్త ఉండటం వింత కాదు. మరి ఇంటి చుట్టూ అగడ్త తవ్వుకుంటే?

పూర్వం ఇంగ్లండులో భూస్వాములు అలాగే చేసేవారు. అటువంటి చోట్లు అక్కడ సుమారు 6,000 దాకా ఉన్నాయి. అవి ఎక్కువగా 1250కీ 1350కీ నడుమ ఏర్పడ్డాయి. శత్రుభయం కన్నా, తమ గొప్ప ఊరికి చాటుకోవాలనే కోరికే దీనికి ముఖ్యకారణం.

మూడవ ఎడ్వర్డు రాజు కూడా 1350 దాటిన కొద్ది ఏళ్ళకు అలాంటి ఇల్లొకటి కట్టించుకున్నాడు. అది లండనులో, థేమ్సు నది దక్షిణపు గట్టున, రోథర్‌హైత్ అనే చోట ఉంది. నడుమ ముంగిలి, మూడు వైపులా అగడ్త, నాలుగో వైపు నది! రాజు తిన్నగా పడవలోనే వచ్చి దిగవచ్చునన్నమాట.

కాలం మారింది. ఇల్లు చేతులు మారింది. 17వ శతాబ్దంలో అక్కడ కుండలు చేశారు. ఆ తరువాత గిడ్డంగులు లేచాయి. ఆ గిడ్డంగులు పడగొట్టాక, 1985లో లండను మ్యూజియంవారు తవ్వి చూస్తే, రాజుగారి ఇంటి గోడలు బయటపడ్డాయి! ఆ మొండిగోడలను ఇప్పటికీ పచ్చిక నడుమ చూడవచ్చు.

ఇలాంటి చోట తవ్వేవారు గునపాలతో పొడవరు. చిన్న తాపీతో పొర తరువాత పొర తీస్తారు. అడుగు పొర పాతది, పైపొర కొత్తది. ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో రాసుకుంటారు. అగడ్త బురద మరీ విలువైనది. తడి ఆరని బురదలోకి గాలి చొరదు కనుక, కొయ్య, తోలు, గింజలు వందల ఏళ్ళయినా కుళ్ళవు. ఇంటివారు పారేసిన చెత్తే మనకు చరిత్ర చెబుతుంది!

నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక పిల్లవాడు నల్లని కుండపెంకు తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

"ఎక్కడిదిరా?" అన్నాను.

"పాతదిబ్బలోది మేష్టారూ!"

"దిబ్బలో ఎక్కడ?"

"ఏమో మేష్టారూ, అక్కడెక్కడో!"

నేను వాణ్ణి మెచ్చుకున్నాను. మరునాడు పదిమంది పిల్లలు పలుగులు పట్టుకుని దిబ్బమీద పడ్డారు. వారంలో దిబ్బంతా గుల్ల అయింది. తప్పు పిల్లలది కాదు, నాదే. పెంకు నా దగ్గర ఇప్పటికీ ఉంది; దాని కథ మాత్రం లేదు.

పుస్తకాన్ని ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. నేలను మాత్రం ఒక్కసారే చదవగలం, ఎందుకంటే తవ్విన పొర మళ్ళీ రాదు. అందుచేత మీకు పాత వస్తువేదైనా కనిపిస్తే కదపకండి. ఆ చోటు గుర్తుపెట్టుకుని, కాగితంమీద పటం గీసి, మీ మేష్టారికి చూపండి. ఆయన కూడా నాలా తొందరపడితే, ఈ పేజీ ఆయనకు చదివి వినిపించండి!