తొలి పోటీకి పూర్తిచేయడమే గెలుపు

నరసరావుపేట: ఈత, సైకిల్, పరుగు కలగలిసిన ట్రయథ్లాన్‌లో దిగదలచిన పల్నాడు ఔత్సాహికులు ముందుగా లక్ష్యాన్ని లెక్కగట్టుకోవాలి. గోవాలో 2019లో ఆరంభమైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు ఉంటాయి. గడువు ఎనిమిదిన్నర గంటలు.

ఈతకు గంట, గంటకు 25 కి.మీ. వేగంతో సైకిల్‌కు 3 గంటల 36 నిమిషాలు, కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున పరుగుకు 2 గంటల 49 నిమిషాలు పడతాయి. దుస్తులు, బూట్లు మార్చుకోవడానికి 20 నిమిషాలు వేసుకున్నా ముప్పావు గంట మిగులుతుంది. కొత్తవారికి పతకం కన్నా పూర్తిచేయడమే తగిన లక్ష్యం.

సైకిల్, పరుగు సాధనకు మాచర్ల, గురజాల దారులున్నాయి. అయితే మండుటెండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్నది ఇక్కడే. వేసవిలో తెల్లవారుజామునే సాధన ముగించాలి. అసలు చిక్కు ఈతతోనే. సాగర్ కుడికాలువలో ఒంటరి సాధన ప్రాణాంతకం. ఒరవడిలో అలసిన ఈతగాడికి గట్టు అందడం కష్టం. సముద్రంలో రక్షక పడవలుంటాయి, కాలువలో ఉండవు. శిక్షకుల పర్యవేక్షణలో ఈతకొలనులు అందుబాటులో ఉంటేనే 2022లో ఏర్పడిన ఈ జిల్లా యువత ధైర్యంగా బరిలో నిలవగలదు.